బడి కమిటీ శిక్షణ: సంతకం దగ్గరే ఆగిన పాతికేళ్లు

సర్కారు బడి నిర్వహణలో ఊరికీ పాత్ర ఉండాలన్న ఆలోచన 1986 జాతీయ విద్యావిధానంలోనే ఉంది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ బడి చదువును 11వ షెడ్యూల్లో, అంటే పంచాయతీలకు అప్పగించదగిన పనుల జాబితాలో, చేర్చి పంచాయతీలకు దారి చూపింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లో సామాజిక భాగస్వామ్య చట్టం తెచ్చి బడికో విద్యా కమిటీని పెట్టింది.

అధికారం వచ్చినంత వేగంగా శిక్షణ రాలేదు. 2001లో మొదలైన కేంద్ర పథకం సర్వశిక్షా అభియాన్‌లో దానికి పెట్టిన పరిమితి చూడండి: ఊరికి గరిష్ఠంగా 8 మంది, ఏడాదికి 2 రోజులు, మనిషికి రోజుకు 30 రూపాయలు. అంతలో ఉపన్యాసం వినిపించి పంపడం తప్ప ఏం కుదురుతుంది?

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చాక కమిటీ రూపమే మారింది. నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం మహిళలు. రాష్ట్ర నియమాల ప్రకారం తరగతికి ముగ్గురు తల్లిదండ్రులు, అంటే అయిదు తరగతుల బడిలో 15 మంది తల్లిదండ్రులు. మూడేళ్ల పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయడం వీళ్ల పని. కమిటీ గడువు మాత్రం రెండేళ్లే! ప్రణాళిక రాసినవాళ్లు మూడో ఏడు ఉంటారన్న నమ్మకం లేదు, ఆ ఏడు ఉండేవాళ్లకు దాన్ని చదవడం ఎవరూ నేర్పరు.

ఆ ప్రణాళికలో అసలు కీలకం పిల్లల సంఖ్య అంచనా. చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. అంగన్‌వాడీ రిజిస్టర్లో వచ్చే ఏడు బడికి రావాల్సిన పేర్లు లెక్కేసుకోకుండా పాత సంఖ్యే ఎక్కిస్తే, అడగాల్సిన మూడో టీచరు పోస్టు అడగకుండానే పోతుంది. అయినా ఈ లెక్కను చేతులతో చేయించే శిక్షణ అరుదు.

డబ్బు దగ్గరా అంతే. 2018లో సర్వశిక్షా అభియాన్ స్థానంలో సమగ్ర శిక్ష పథకం వచ్చాక విడివిడి గ్రాంట్లన్నీ ఒక్కటయ్యాయి. 150 మంది ఉన్న బడికి 50,000 రూపాయలు, అందులో పదో వంతు పరిశుభ్రతకు. సభ్యులు చూడాల్సినవి మూడే: తీర్మానం తేదీ బిల్లు తేదీకి ముందుందా, వోచర్ (చెల్లింపు పత్రం) నంబరు క్యాష్‌బుక్‌లో ఎక్కిందా, కొన్న వస్తువు స్టాక్ రిజిస్టర్‌లో ఉందా. జరిగేది తరచూ తలకిందులు. సామాను ముందు వస్తుంది, తీర్మానం తర్వాత రాస్తారు, సమావేశ తీర్మానాలు రాసే మినిట్స్ బుక్ సంతకాల కోసం ఇంటింటికీ తిరుగుతుంది. ఆడిట్‌లో మొదట దొరికేది ఆ తేదీల తేడానే. హెడ్మాస్టరుకు దురుద్దేశం ఉండక్కర్లేదు, గ్రాంటు ఆలస్యంగా పడి మార్చి నెలాఖరు తరుముకొచ్చినా ఇదే జరుగుతుంది.

2021 జూలై నుంచి కేంద్ర సాయంతో నడిచే ఒక్కో పథకం డబ్బును రాష్ట్రమంతటికీ ఒకే ఖాతాలో (నోడల్ ఖాతా) ఉంచే పద్ధతి వచ్చింది. బడి ఖాతాలో నిల్వ సున్నా, ఖర్చుకు ఒక పరిమితి మాత్రమే కనబడుతుంది. పాస్‌బుక్ చూసి నిల్వ సరిచూడండని చెప్పే పాత పాఠం ఇక పనికిరాదు. ఎంత పరిమితి ఇచ్చారు, ఎంత వాడారు, మిగిలింది ఎప్పటిలోగా వాడాలి అన్న మూడు వివరాలూ కమిటీ సమావేశంలో హెడ్మాస్టరు చదివి వినిపించాలి. వాటిని మినిట్స్‌లో రాయించుకోవడం సభ్యుల పని.