బొమ్మ తుపాకీ అడిగిన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

దీపావళి దగ్గర పడిందంటే చాలా ఇళ్ళలో ఒకటే పేచీ. పిల్లలు తుపాకీ కావాలంటారు. అమ్మ వద్దంటుంది. నాన్న "రీలు తుపాకీయేగా, పోనీలే" అంటాడు. నానమ్మ "పండగపూట తుపాకులేమిటి" అని విసుక్కుంటుంది. నలుగురి మాటలోనూ ఎంతో కొంత నిజముంది. అందుకే ఈ ఉత్తరం.

నా మాట ముందే చెప్పేస్తాను. తుపాకీ ఆట ఆడుకోండి, తప్పులేదు. గొట్టంలోంచి ఏదైనా బయటికొచ్చే తుపాకీని మాత్రం మనిషి వైపు తిప్పకండి. అచ్చం నిజం తుపాకీలా ఉండేదాన్ని అసలు కొననేవద్దు. ఎందుకో వివరంగా రాస్తాను. మధ్యలో కొంచెం లెక్కలొస్తాయి, ఓపిగ్గా చదవండి.

ఆయుధాలు పట్టి ఆడుకోవడం మన ఊళ్ళకు కొత్త కాదు. పాత రోజుల్లో దసరాకి బడిపిల్లలు విల్లంబులు పట్టుకుని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. ఆ విల్లంబులు చల్లేది పూలూ, బుక్కాగుండా అనే పరిమళపు పొడీ. ఇంటివాళ్ళు చేతిలో పప్పు బెల్లాలు పోసేవారు. మన పక్కనే ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, జగదల్‌పూర్ రథయాత్రలో ఇప్పటికీ 'తుప్కీ' అనే వెదురు గొట్టంతో పచ్చికాయలు పేలుస్తారు. గొట్టంలో ముందొక కాయ, వెనకొక కాయ, మధ్యలో చిక్కుకున్న గాలి. వెనక కాయను పుల్లతో బలంగా నెడితే గాలి నొక్కుకుపోయి ముందు కాయ టప్‌మని ఎగురుతుంది. ప్లాస్టిక్ గుండ్లు పేల్చే తుపాకీ లోపలా ఇంచుమించు ఇదే జరుగుతుంది. పుల్ల బదులు స్ప్రింగుతో కదిలే పిస్టను, కాయ బదులు గుండు.

ఆట ఆటగానే ఉందా, తగువులోకి దిగిందా అన్నది ముఖాలు చూస్తే తెలిసిపోతుంది. ఆటలో ఇద్దరూ నవ్వుతుంటారు. ఇందాక దొంగైనవాడు ఇప్పుడు పోలీసవుతాడు. చచ్చిపోయినవాడు ధడాలున పడి, వెంటనే లేచి పరిగెడతాడు. ఎప్పుడూ ఒక్కడే దొంగవుతున్నా, ఒకరి ముఖం వాడిపోయినా, గురి ఆటలో లేని చంటిపిల్ల మీదికో వీధికుక్క మీదికో మళ్ళినా అక్కడితో ఆట అయిపోయినట్టే. ఎవరు 'తూచ్' అన్నా అందరూ ఆగాలి. చేతివేళ్ళు చాచి 'డిష్యుం' అనుకునే ఆటకైనా ఇదే నియమం.

ఇక గుండ్ల సంగతి. తిరనాళ్ళలోనూ ఫ్యాన్సీ షాపుల్లోనూ అమ్మే తుపాకుల్లో వేసే చిన్న ప్లాస్టిక్ గుండు అడ్డంగా 6 మిల్లీమీటర్లు, బరువు 0.12 గ్రాములు. ఇంత చిన్నది ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. కంటికి ప్రమాదమంతా ఆ చిన్నతనంలోనే ఉంది. క్రికెట్ బంతి ముఖానికి తగిలితే కనుబొమ ఎముకా, బుగ్గ ఎముకా చాలావరకు అడ్డుకుంటాయి. 6 మిల్లీమీటర్ల గుండు ఆ రెంటి మధ్య నుంచి దూరి నేరుగా కనుగుడ్డును కొడుతుంది. అప్పుడు నల్లగుడ్డు ముందుభాగంలో రక్తం చేరవచ్చు, లోపలి కటకం మసకబారి శుక్లం రావచ్చు, వెనకనున్న రెటీనా అనే చూపుపొర ఊడవచ్చు. ఎరుపు తగ్గి అంతా బాగైందనుకున్న కంటికి కొన్నేళ్ళ తర్వాత నీటికాసుల జబ్బు వచ్చే ప్రమాదమూ ఉంది.

దెబ్బలో ఉండే శక్తిని జౌల్ అనే కొలతతో, అంటే జౌళ్ళలో కొలుస్తారు. బరువును కిలోల్లో వేసి, వేగాన్ని వేగంతోనే గుణించి, రెండూ హెచ్చించి సగం చేయాలి. మెత్తటి మొన లేని గట్టి గుండుకు బొమ్మల భద్రతా ప్రమాణాల్లో చాలాకాలంగా వాడుతున్న హద్దు 0.08 జౌళ్ళు. మన 0.12 గ్రాముల గుండు సెకనుకు 36 మీటర్ల వేగంతో వెళితే ఆ హద్దును తాకుతుంది. 60 మీటర్ల వేగంతో వెళితే 0.2 జౌళ్ళు దాటుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగు రెట్లవుతుంది, అందుకే స్ప్రింగు కొంచెం గట్టిదైనా తేడా చాలా ఎక్కువ.

మీ తుపాకీ ఎంత వేగంగా కొడుతుందో మేడమీదే తేల్చవచ్చు. పెద్దవాళ్ళు పక్కనుండాలి, అందరి కళ్ళకూ అద్దాలుండాలి, ముందువైపు ఎవరూ ఉండకూడదు. గొట్టం నేలకు సరిగ్గా 125 సెంటీమీటర్ల ఎత్తులో, ఏమాత్రం వంపు లేకుండా ఉండాలి. కుర్చీ మీద పెట్టెలు పేర్చి వాటిమీద ఆనించండి. గాలి అడ్డు లేకపోతే ఆ ఎత్తునుంచి ఏ వస్తువైనా నేలకు చేరడానికి దాదాపు అరసెకను పడుతుంది. నేలమీద పొడవునా ముగ్గుపిండి పలచగా చల్లి ఉంచితే గుండు మొదట పడిన చోట గుర్తు పడుతుంది. తర్వాత ఎగిరిపడిన గుర్తులు లెక్కలోకి రావు. గాలి వెనక్కి లాగుతుంది కాబట్టి సెకనుకు 36 మీటర్ల వేగంతో బయల్దేరిన ఈ తేలికపాటి గుండు దాదాపు 12 మీటర్ల దూరంలో పడుతుంది. ఐదుసార్లు పేల్చి సగటు తీయండి. 12 మీటర్లు దాటిందంటే ఆ తుపాకీ పిల్లల చేతిలో ఉండదగింది కాదు. చాలామంది చేసే పొరపాటు గొట్టాన్ని తెలియకుండానే కాస్త పైకెత్తడం. అప్పుడు గుండు ఎక్కువ దూరం పోయి లెక్క తప్పుతుంది.

నురగ బాణాల తుపాకీ దీనికంటే చాలా నయం. అయినా కంటికి అదీ పడదు. 2017లో లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు నురగ బాణం తగిలిన ముగ్గురి వివరాలు ప్రచురించారు. ముగ్గురికీ కంటి లోపల రక్తం చేరింది. చవకగా విడిగా దొరికే బాణాల మొన గట్టిగా ఉంటుంది, వాటితో ఇంకా జాగ్రత్త. రబ్బరు కప్పుతో గోడకు అంటుకునే బాణాలను నోట్లో పెట్టుకోవద్దు, ఊడిన కప్పు గొంతుకు అడ్డం పడుతుంది. నీళ్ళలో నానబెట్టే జెల్ గుండ్లను ఇంట్లో చంటిపిల్లలుంటే తేనేవద్దు. మింగితే పేగుల్లో ఉబ్బి దారి మూసేస్తాయి. లేజర్ లైటు బిగించిన తుపాకీ కూడా వద్దు, ఆ కాంతి రెటీనాను కాల్చగలదు. ఏ గుండు ఆటకైనా పక్కలు కూడా మూసి ఉండే పాలీకార్బనేట్ అద్దాలు పెట్టుకోవాలి. కూలింగ్ గ్లాసులు ఇందుకు పనికిరావు.

ఇవన్నీ ఒక ఎత్తు, కార్బైడ్ తుపాకీ ఒక ఎత్తు. 2025 దీపావళికి భోపాల్‌లోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ ఎంతోమంది పిల్లలు కళ్ళు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి చూపే పోయింది. కారణం ప్లాస్టిక్ పైపులతో, గ్యాస్ లైటర్‌తో చేసి రోడ్లమీద చవకగా అమ్మిన గొట్టాలు. అందులో వేసేది కాల్షియం కార్బైడ్, మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడే ఆ మందే. దానిమీద నీళ్ళు పడగానే ఎసిటిలిన్ వాయువు పుడుతుంది, వెల్డింగు దుకాణంలో మండేది అదే. లైటర్ నొక్కితే గొట్టంలోని వాయువంతా ఒక్కసారి అంటుకుంటుంది.

ఒక్కోసారి వెంటనే అంటుకోదు. గాలి, వాయువు పాళ్ళు కుదరలేదనో, లైటర్ తడిసిందనో ఆలస్యమవుతుంది. పిల్లలు ఏమైందా అని గొట్టంలోకి తొంగిచూస్తారు. సరిగ్గా అప్పుడు పేలుతుంది. మంటతోపాటు, పైపు ముక్కలతోపాటు, కార్బైడ్ కరగగా మిగిలిన తడిసున్నం కూడా కంట్లో పడుతుంది. సున్నం కంటిపొరను తినుకుంటూ లోపలికి పోతుంది. యూట్యూబులో ఎంత సులువుగా చూపించినా, తోటిపిల్లలు ఎంత రెచ్చగొట్టినా దాని జోలికి పోకండి. ఎవరి చేతిలోనైనా కనిపిస్తే పెద్దవాళ్ళకు చెప్పండి. అది చాడీ చెప్పడం కిందికి రాదు.

కంటికి దెబ్బ తగిలితే ఏం చేయాలో ఇక్కడే రాస్తాను, ఎందుకంటే ఇందులో రెండు రకాలున్నాయి. సున్నమో, మందుపొడో పడితే ఆ క్షణం నుంచే కుళాయి కింద కన్ను తెరిచి కనీసం 20 నిమిషాలు కడగాలి, తర్వాతే ఆసుపత్రికి బయల్దేరాలి. గుండో బాణమో తగిలితే నలపకూడదు, నొక్కకూడదు, చుక్కలు వేయకూడదు. ఒక కాగితం కప్పును అడ్డంగా కత్తిరించి, అడుగువైపు ముక్కను కంటికి ఆనకుండా ఎముక మీద నిలిచేలా బోర్లించి, ప్లాస్టరు అంటించి కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నొప్పి తగ్గిందని ఆగిపోవద్దు. తిడతారని దాచవద్దు.

రీలు తుపాకీకి, బిళ్ళల తుపాకీకి గొట్టంలోంచి ఏమీ రాదు, అందుకే నాన్న పోనీలే అంటాడు. ఆ ఎర్రటి చుక్కలో ఉండే మందు రాపిడికే అంటుకుంటుంది. సాధారణంగా అందులో ఎర్ర భాస్వరం, పొటాషియం క్లోరేటు ఉంటాయి. జేబులో నాలుగు రీళ్ళు వేసుకుని మెట్లమీద జారితే తొడ కాలిపోయేది ఇందుకే. రీలు మొత్తం మడిచి రాయితో కొట్టడమూ అలాంటిదే. ఒక్క రీలు తుపాకీలో, మిగతావి రేకుడబ్బాలో, డబ్బా ఇంట్లో ఉండాలి. కాలితే కుళాయి నీళ్ళ కింద 20 నిమిషాలు పట్టండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు ఏవీ పూయవద్దు.

శబ్దం సంగతి అమ్మకు కూడా చెప్పండి. యూరప్ ప్రమాణం ప్రకారం ఇలాంటి బిళ్ళ చప్పుడు అర మీటరు దూరంలో 125 డెసిబెళ్ళు దాటకూడదు. దూరం పదోవంతుకు తగ్గితే చప్పుడు 20 డెసిబెళ్ళు పెరుగుతుంది. అంటే తమ్ముడి చెవికి 5 సెంటీమీటర్ల దూరంలో పేల్చితే 145. పిల్లల చెవికి ఒక్కసారి కూడా 120 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి చెయ్యి పూర్తిగా చాచి, ఆరుబయట, ఎవరి చెవి దగ్గరా కాకుండా పేల్చండి. గదిలో అస్సలు వద్దు.

నిజం తుపాకీలా ఉండేది ఎందుకు వద్దన్నానంటే, దూరంనుంచి చూసేవాళ్ళకు అది బొమ్మని తెలిసే దారి లేదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 2014 నవంబరు 22న తమీర్ రైస్ అనే 12 ఏళ్ళ బాబు పార్కులో ప్లాస్టిక్ గుండ్ల పిస్తోలుతో ఉన్నాడు. అది బొమ్మ అని చెప్పే నారింజరంగు మొన దానికి లేదు. పోలీసు కారు వచ్చిన రెండు మూడు సెకన్లలోనే కాల్చారు. మర్నాడు చనిపోయాడు. బొమ్మ తుపాకులకు ఆ రంగు మొన ఉండాలని అక్కడ 1988లోనే చట్టం చేశారు. అయినా మొన ఊడిపోతుంది, కొందరు పీకేస్తారు, నల్లరంగు పూస్తారు. అక్కడ ఉంటున్న మన పిల్లలు దీన్ని మరీ మరీ గుర్తుపెట్టుకోవాలి. బొమ్మదైనా సరే బడి సంచిలో పెట్టవద్దు, వీధిలోకి తీసుకెళ్ళవద్దు. విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలోనూ వద్దు, ఇక్కడి విమానాశ్రయాల్లోనూ ఆపేస్తారు.

దీనికి తిరగేసిన ప్రమాదం ఇంకొకటుంది, నిజం తుపాకీని బొమ్మ అనుకోవడం. 2001లో అట్లాంటా వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. 8 నుంచి 12 ఏళ్ళ మగపిల్లలను ఇద్దరు ముగ్గురుగా ఒక గదిలో ఉంచి, గుళ్ళు లేని అసలు పిస్తోలును సొరుగులో పెట్టి అద్దం వెనకనుంచి చూశారు. అది 48 మంది కంటపడింది. 30 మంది చేతిలోకి తీసుకున్నారు, 16 మంది ట్రిగ్గర్ నొక్కారు. దాదాపు సగం మంది అది బొమ్మో నిజమో తేల్చుకోలేకపోయారు, లేదా బొమ్మే అనుకున్నారు. తుపాకీ ముట్టుకోవద్దని చాలామందికి ముందే చెప్పి ఉన్నారు కూడా. అందుకని స్నేహితుల ఇంట్లో అలాంటిది కనిపిస్తే బొమ్మా, నిజమా అని పరీక్షించే పని పెట్టుకోకండి. ముట్టుకోకుండా బయటికొచ్చి పెద్దవాళ్ళతో చెప్పండి.

కొనేటప్పుడు పెట్టెమీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి. గుర్తు పైన ఐఎస్ 9873 అనో, కరెంటు, బ్యాటరీ బొమ్మైతే ఐఎస్ 15644 అనో ఉంటుంది, కింద లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరు, ఈ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి 'బీఐఎస్ కేర్' యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలుస్తుంది. పచ్చ, గులాబి, నారింజ లాంటి రంగుల్లో, చూడగానే బొమ్మని తెలిసేది ఎంచుకోండి. బ్యాటరీ మూతకు స్క్రూ లేకపోతే వద్దు. లోపలుండే బిళ్ళ బ్యాటరీ చంటిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలడం మొదలవుతుంది, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇంత చెప్పి మీ చేతులు ఖాళీగా ఉంచను. గుండు లేని ఫిరంగి ఒకటి చేసుకోండి. 10 లీటర్ల ఖాళీ రంగుల బకెట్ తీసుకోండి. అడుగు మధ్యలో 8 సెంటీమీటర్ల గుండ్రటి రంధ్రం పెద్దవాళ్ళ చేత కోయించి, అంచును గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. మూతివైపు మందపాటి పాలిథీన్ షీటును తప్పెట తోలులా బిగించి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టూ కట్టండి. షీటు మధ్యలో అరచేత్తో టక్కున చరిస్తే రంధ్రంలోంచి గాలి సుడి ఒకటి ఉంగరంలా తిరుగుతూ పోతుంది. మూడు మీటర్ల దూరంలో కాగితం కప్పులు గోపురంలా పేర్చి కూల్చండి. కప్పులు కదలకపోతే ముందు షీటు వదులైందేమో చూడండి. తర్వాత మీరు నెడుతున్నారా, చరుస్తున్నారా చూసుకోండి, నెమ్మదిగా నెడితే ఉంగరం కట్టదు. రంధ్రం అంచు వంకరగా ఉంటే సుడి పక్కకు పోతుంది. పెద్దవాళ్ళు అగరుబత్తి పొగ లోపలికి పట్టి ఇస్తే ఉంగరాలు కంటికి కనిపిస్తాయి. రంధ్రాన్ని 6, 10 సెంటీమీటర్లకు మార్చిన బకెట్లు మరో రెండు చేసి, ఏది దూరం కొడుతుందో చూసి నాకు రాయండి.

మీ తాతయ్య