నానబెడితే బూటు సాగదు తమ్ముడూ: సైనికుల బూట్లపై అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒక కుర్రాడు షాపుకి వచ్చాడు. అగ్నివీర్ ర్యాలీకి తయారవుతున్నాడు, వెంట వాళ్లమ్మ. షూ విప్పమంటే సిగ్గుపడ్డాడు. రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లగా కమిలిపోయాయి, మడమ దగ్గర పాత బొబ్బ మీదే కొత్త బొబ్బ. "సైజు చిన్నదైంది కదరా" అంటే, "సాగుతుందన్నా. రాత్రంతా బకెట్లో నానబెట్టి, తడి మీదే వేసుకుని పరిగెడుతున్నా. పాతకాలం మిలిటరీలో అట్లనే చేసేటోళ్లంట" అన్నాడు.

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒకడు వీడియోలో చూశానంటాడు, ఇంకొకడు సీనియర్ చెప్పాడంటాడు. అసలు సంగతి పూర్తిగా చెప్పినవాడు ఒక్కడూ లేడు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: సైనికులు బిగుతు బూట్లు వేసుకుని, నీళ్లలో తడిపి సాగదీసుకునేవారు.

వాస్తవం: తడిపిన మాట నిజం. సాగదీయడానికి కాదు.

అమెరికా సైన్యంలో ఎడ్వర్డ్ మన్సన్ అనే డాక్టర్ ఉండేవాడు. సైనికుల పాదాలు ఎందుకు పాడవుతున్నాయో తేల్చమని 1908లో ఒక బోర్డు వేసి, దాన్ని ఆయన చేతిలో పెట్టారు. నాలుగేళ్లు పట్టింది, సుమారు రెండు వేల మంది పాదాలు పరీక్షించారు. చాలామంది వేసుకుంటున్నది తమ కాలి కంటే చిన్న బూట్లని తేలింది. బలవంతంగా ఎవరూ తొడగలేదు. కూర్చుని కొలతలిచ్చి, బిగుతుగా ఉంటేనే సరైన సైజు అనుకుని వాళ్లే తీసుకున్నారు. మా షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది ఇంతే.

1912లో సైన్యం ఇచ్చిన ఆదేశం ప్రకారం సైనికుడు చెప్పులు లేకుండా నిలబడాలి, వీపు మీద 40 పౌండ్ల బరువు ఉండాలి (మన లెక్కలో 18 కిలోలు), ఆ బరువంతా కొలిచే కాలి మీదే మోపాలి. అప్పుడు కొలవాలి. బరువు పడితే పాదం పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి. బూటు తొడిగాక బొటనవేలి ముందు కనీసం మూడింట రెండు వంతుల అంగుళం ఖాళీ ఉండాలి. ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా అంగుళంలో మూడో వంతు కాబట్టి, ఇది రెండు సైజుల జాగా. దాదాపు 17 మిల్లీమీటర్లు.

ఇంత చూసి సరిపోయిన బూటు ఇచ్చిన తర్వాతే నీళ్ల సంగతి. రెండున్నర అంగుళాల నీళ్లలో ఐదు నిమిషాలు నిలబడి, తోలు మెత్తబడ్డాక గంటసేపు చదును నేల మీద నడవాలి, బూటు కాలి మీదే ఆరాలి. తర్వాత పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసిన నూనె కొంచెం పట్టించాలి. తోలు కాలి ఎగుడుదిగుళ్లకు తగ్గట్టు ఒదగడానికి ఇదంతా. ఫర్మా (కాలి ఆకారంలో ఉండే అచ్చు) మీద తడి తోలు బిగించి బూటు చేస్తారే, అదే పని కాలి మీద చేయడం. ఒదుగుతుంది. పొడవు మాత్రం పెరగదు, ఎందుకంటే కింద సోల్ ఉంది, అది ఎక్కడికీ కదలదు.

పైగా అది తోలు బూటు, కుట్టిన సోల్. నువ్వు బకెట్లో వేసింది పైన జాలీ గుడ్డ, కింద పేస్టింగ్ (జిగురుతో అంటించిన) సోల్ ఉన్న స్పోర్ట్స్ షూ. రాత్రంతా నానితే పేస్టింగ్ వదులవుతుంది, నాలుగు రోజులకు సోల్ నోరు తెరుస్తుంది.

ఇదంతా చెప్పడం ఎందుకని పక్క కిరాణా కొట్టు నుంచి పది కిలోల బియ్యం సంచి తెప్పించాను. కుర్రాణ్ని కూర్చోబెట్టి కొలిస్తే ఎనిమిదో సైజు. సంచి భుజాన పెట్టి నిలబెడితే తొమ్మిదికి దగ్గర, ఎడమ కాలు కుడి కంటే కాస్త పొడవు. వాళ్లమ్మ గాభరా పడింది, "రెండు కాళ్లూ ఒక్కలా లేవా బాబూ, సెలక్షన్‌లో తీసేస్తారా?" అని. అందరికీ కొంచెం తేడా ఉంటుందమ్మా, టెన్షన్ పడకండి. పెద్ద కాలికి సరిపడే సైజు కొంటే చాలు.

మా నాన్నదీ ఇదే కథ. ఆర్మీలో చేరేదాకా కాలికి చెప్పు ఎరగడు, పాదం చేటంత వెడల్పు. స్టోర్‌లో ఏది చేతికిస్తే అది తొడుక్కున్నాడు, కరుస్తోందని చెప్పడానికి భయం. రిటైరై వచ్చినప్పుడు రెండో వేలు వంకర తిరిగి బొటనవేలి మీదికెక్కి ఉంది. చిన్నప్పుడు ఆ వేలు లాగి ఆడుకునేవాణ్ని, ఆయన నవ్వేవాడు. ఈ పనిలోకి వచ్చాకే నాకు దాని అర్థం తెలిసింది.

వెడల్పు విషయానికొస్తే, ఆ అమెరికా బూట్లకు పొడవుకి అంకె, వెడల్పుకి అక్షరం వేరుగా ఉండేవి. మన షాపుల్లో అంకె ఒక్కటే, అదీ యూకే అంకె. యూఎస్ 9 అని ఉన్నది యూకే 8 అని గుర్తుపెట్టుకోండి. భారతీయుల పాదాల కోసమే 'భా' అనే సైజుల పద్ధతి ప్రతిపాదించారు. అందుకు చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. అది అల్మారాల్లోకి వచ్చేదాకా వెడల్పు మీరే చూసుకోవాలి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

ట్రెంచ్ ఫుట్ (చాలాసేపు తడిలో, చలిలో ఉండి పాదం దెబ్బతినడం) మంచు గడ్డకట్టే చలిలోనే వస్తుందంటారు. కాదు, సున్నా డిగ్రీల పైనా వస్తుంది. తడి, చలి, కదలకుండా ఉండటం, వీటికి బిగుతు బూటు తోడైతే ఇంకా త్వరగా. 1943 మేలో అలాస్కాలోని అట్టు దీవిలో జపాన్‌తో జరిగిన పోరులో అమెరికన్లు 1,148 మంది గాయపడితే, చలి దెబ్బ తిన్నవాళ్లు సుమారు 1,200 మంది.

పూర్వం ఎవరికీ కుడి ఎడమ బూట్లు వేరుగా ఉండేవి కావంటారు. రోమన్ల బూట్లకు తేడా ఉంది. ఐరోపాలో హీల్ వచ్చాకే రెండు కాళ్లకీ ఒకటే ఫర్మా వాడారు, 1800 తర్వాత మళ్లీ మార్చారు.

రష్యన్లు సాక్సులు లేక కాళ్లకు గుడ్డలు చుట్టుకున్నారని నవ్వుతారు. ఆ గుడ్డ తడిస్తే తిప్పి పొడి వైపు చుట్టుకోవచ్చు, మీ సాక్సుతో అది కుదరదు. 2013 దాకా వాడారు.

ఆ కుర్రాడు తొమ్మిది తీసుకెళ్లాడు. గోళ్లు ఊడి కొత్తవి రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా పరుగు తగ్గించమన్నాను. వింటాడో లేదో. మీరు కొలతకి వచ్చేటప్పుడు సాయంత్రం రండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పరుగెత్తేటప్పుడు వేసుకునే సాక్సే వెంట తెచ్చుకోండి.