ఇనిట్టే పడిపోతే లేపేదెవరు?

లినక్స్‌లో సర్వీస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) పడిపోతే లేపడానికి, వాటన్నిటినీ స్టార్ట్ చేసే ఇనిట్ అనే ప్రోగ్రామ్ ఉంది, మరి ఆ ఇనిట్టే క్రాష్ అయితే? 2016 సెప్టెంబర్లో, ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఇనిట్‌గా నడిచే సిస్టమ్‌డీ మీద ఇదే పెద్ద గొడవైంది, కానీ చిక్కు చాలా పాతది.

లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మొట్టమొదట స్టార్ట్ చేసే యూజర్ ప్రాసెస్ ఇనిట్, దాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) 1. తమను స్టార్ట్ చేసిన పేరెంట్ పోయిన ప్రాసెస్‌లు మామూలుగా దీని పంచనే చేరతాయి, వాటిలో చచ్చినా లిస్టులో మిగిలిపోయే జాంబీలను ఊడ్చేదీ ఇదే. ఇది చచ్చిపోతే కెర్నల్ పానిక్ అయి మెషీన్ మొత్తం ఆగిపోతుంది. అందుకే అన్ని అధికారాలూ ఉన్న రూట్ యూజర్‌గా, బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 కమాండ్ కొట్టినా కెర్నల్ దీన్ని చంపనివ్వదు, కానీ దాని సొంత కోడ్‌లోనే బగ్ ఉంటే ఆ కాపలా ఏం చేస్తుంది చెప్పండి.

పాత సిస్‌వీ ఇనిట్‌లో ఇనిట్‌ట్యాబ్ ఫైల్లో రీస్పాన్ అని రాస్తే చాలు, పడిపోయిందాన్ని మళ్ళీ లేపేది. మనం కన్సోల్లో లాగవుట్ అవ్వగానే లాగిన్ అని మళ్ళీ కనిపించేది కదా, అది రీస్పానే. 2 నిమిషాల్లో 10 సార్లకు మించి పడితే మాత్రం 5 నిమిషాలు పక్కన పెట్టేసేది. అయితే స్క్రిప్టులతో స్టార్టయిన వెబ్ సర్వర్లూ డేటాబేస్‌లూ దీని లెక్కలోకే రావు, రాత్రి పడితే పొద్దున ఎవరో చూసేదాకా అంతే, ఆ బాధకే, సర్వీసులను కనిపెట్టుకుని పడితే లేపే డీమన్‌టూల్స్ లాంటివి పుట్టాయి. ఇక ఇనిట్‌కే సెగ్‌ఫాల్ట్ (తప్పుడు మెమరీని ముట్టుకుని క్రాష్ అవ్వడం) వస్తే పానిక్ అని, 30 సెకన్లు పడుకుంటున్నా అని మెసేజ్ వేసేది.

2010లో సిస్టమ్‌డీ వచ్చాక, ప్రాసెస్‌లను గుంపులుగా కట్టి ఉంచే కెర్నల్ సీగ్రూపుల వల్ల ఏ ప్రాసెస్ ఏ సర్వీస్‌దో తప్పిపోకుండా తెలుస్తోంది, రీస్టార్ట్ అని ఒక్క లైన్ రాస్తే చాలు, డిఫాల్ట్‌గా 10 సెకన్లలో 5 సార్లకు మించి స్టార్ట్ చేయాల్సొస్తే ఇక ఫెయిల్డ్ అని వదిలేస్తుంది. ఇది నిజంగా గొప్ప మేలు, దాన్ని ఎంత తిట్టేవాళ్ళైనా ఇది ఒప్పుకోవాలి. కాకపోతే పీఐడీ 1 నెత్తిన పని పెరిగింది, పని పెరిగితే బగ్గులూ పెరుగుతాయి.

2016లో జరిగింది అదే. సర్వీసులు కబురు పంపే నోటిఫై సాకెట్‌కి ఏ పర్మిషన్లూ లేని మామూలు యూజర్ ఒక ఖాళీ మెసేజ్ పంపితే చాలు, లోపల అసర్షన్ (ఇది ఇలాగే ఉండాలి అని కోడ్‌లో రాసుకున్న చెక్) ఫెయిలై పీఐడీ 1 పాజ్‌లోకి వెళ్ళి కూర్చునేది. చావలేదు కాబట్టి పానిక్ రాదు, పానిక్ రాలేదు కాబట్టి రీబూటూ అవ్వదు. పింగ్ వస్తుంది, అప్పటికే నడుస్తున్నవి నడుస్తుంటాయి, కానీ కొత్త సర్వీస్ స్టార్ట్ కాదు, ఉన్నది ఆగదు, జాంబీలు పేరుకుపోతాయి, రీబూట్ కొట్టినా శుభ్రంగా అవ్వదు. పక్కనే కూర్చుని చూసే డెస్క్‌టాప్‌కి ఫ్రీజ్ అవ్వడం పర్లేదేమో, ఎక్కడో డేటాసెంటర్లో ఉన్న మెషీన్‌కి ఈ సగం చావు కన్నా పూర్తి చావే నయం.

ఆ బగ్‌ని వెంటనే ఫిక్స్ చేశారు. ఫ్రీజ్ అవ్వకుండా రీబూట్ అయ్యేలా చేసే క్రాష్‌రీబూట్ ఆప్షన్ (కొత్త వెర్షన్లలో క్రాష్‌యాక్షన్) సిస్టమ్‌డీలోనే ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్. నా సర్వర్లన్నిట్లో అది ఆన్ చేసి, కెర్నల్ పానిక్ అయితే 10 సెకన్లకి రీబూట్ అయ్యేలా కూడా పెట్టుకున్నా.