కబురు అందని ఓవెన్

చిన్నారులూ,

మీ ప్రశ్న మీ అమ్మ ఫోన్‌లో చదివి వినిపించింది. "ఓవెన్ ముట్టుకుంటే చల్లగా ఉంది తాతయ్యా. ఐనా వేడి ఎక్కువైందని కోడ్ చూపించి అరుస్తోంది. రిపేరు చేసే ఆయన వేడి కొలిచే రాడ్ బాగుందన్నాడు, ఓవెన్‌ని నడిపే బోర్డూ బాగుందన్నాడు. మరి పాడైంది ఏంటి?" పుట్టినరోజు కేక్ ఆగిపోయిన బాధలో కూడా ఎంత చక్కగా అడిగారు! రెండు రోజులుగా దీని గురించే ఆలోచిస్తున్నాను.

దీనికి జవాబు మా నానమ్మ దగ్గరుంది.

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు నానమ్మకి శుక్లాలు వచ్చి చూపు ఆనేది కాదు. ఐనా వంటింటి పెత్తనం ఆవిడదే. వసారాలో నులక మంచం మీద కూర్చుని, "ఒరేయ్, పాలు ఎందాకా వచ్చాయో చూసి రా" అనేది. నేను పరుగెత్తి వెళ్లి చూసొచ్చి, "అంచుకి నాలుగు వేళ్లు కిందున్నాయి" అని చెప్పేవాణ్ణి. ఆ మాట పట్టుకుని ఆవిడ "కట్టె ఎగదొయ్యి" అనో, "కట్టె లాగెయ్యి" అనో కేకేస్తే అత్తయ్య ఆ పని చేసేది. పొయ్యి నానమ్మకి కనిపించదు. నా మాటే ఆవిడకి చూపు.

మీ ఓవెన్‌లోనూ ఈ ముగ్గురే ఉన్నారు. బటన్ల వెనక, వేడికి దూరంగా కూర్చున్న బోర్డు నానమ్మ. లోపల వేడిలో నిలబడ్డ సన్నటి రాడ్, అంటే సెన్సర్, నేను. టిక్‌మని కరెంటు వదిలి, టిక్‌మని ఆపే రిలే అత్తయ్య.

నేను వేళ్లతో కొలత చెప్పినట్టు రాడ్ ఓమ్‌లతో చెబుతుంది. కరెంటుకి పడే అడ్డుని కొలిచేది ఓమ్‌లలోనే. దాని లోపల చాలా పలుచని ప్లాటినం ఉంటుంది. వేడెక్కేకొద్దీ అది కరెంటుకి ఎక్కువ అడ్డు పడుతుంది. మీ దేశపు ఓవెన్లలో ఎక్కువగా వాడే రాడ్ చల్లగా ఉన్నప్పుడు 1,080 నుంచి 1,100 ఓమ్‌ల దాకా చూపిస్తుంది. మీరు కేక్‌కి పెట్టే 350 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర సుమారు 1,650. అంకె పెరిగిందంటే వేడి పెరిగిందని బోర్డు లెక్క.

ఇక ఆ రోజు సంగతి. నానమ్మ పాలు చూసి రమ్మంది. నేను వంటింటి దాకా వెళ్లనే లేదు. పెరట్లో గోలీలాట చూసి అక్కడే ఉండిపోయాను. ఎంతకీ కబురు లేదు. నానమ్మ కంగారుపడి, "పొంగిపోతున్నాయే, కట్టెలన్నీ లాగెయ్యండి!" అని అరిచింది. అందరూ పరుగెత్తారు. చూస్తే పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది, పాల మీద మీగడ చల్లగా కట్టి ఉంది. "పెద్దావిడకి మతి తప్పుతోంది" అన్నారు. ఆవిడ ఏమీ అనకుండా తలొంచుకుంది. కబురు తేనిది నేనని ఆ రోజు నేను చెప్పలేదు. అరవై ఏళ్లు దాటినా అది నాకు గుచ్చుకుంటూనే ఉంది.

ఆవిడ చేసింది ముమ్మాటికీ సరైన పని. మీ ఓవెన్ చేసిందీ అదే. రాడ్ నుంచి బోర్డుకి కబురు తెచ్చే తీగ ఎక్కడైనా తెగితే అడ్డుకి అంతుండదు. అంతులేని అడ్డంటే బోర్డు లెక్కలో అంతులేని వేడి. అందుకే చల్లగా ఉన్నా అరిచి, వేడి చెయ్యడం ఆపేసింది. లెక్క తిరగబడి ఉంటే, అంటే కబురు లేకపోవడాన్ని చల్లదనం అనుకుని ఉంటే, వేడి పెంచుకుంటూ పోయేది! కొన్ని ఓవెన్లు దీన్నే "సెన్సర్ అందడం లేదు" అనే కోడ్‌తో చెబుతాయి. ఏ కంపెనీ కోడ్‌లు దానివే, కాబట్టి దానితో వచ్చిన కాగితం పారేయకండి.

మీ ఇంటికొచ్చిన ఆయన ముందు బ్రేకర్ కట్టేసి ఓవెన్‌కి కరెంటు ఆపాడని విని సంతోషించాను. అక్కడ కరెంటు ఓవెన్‌కి 240 వోల్టులు వస్తాయి. రాడ్ దగ్గర మీటర్ పెడితే 1,090 వచ్చింది, అంటే పిల్లవాడు నిజమే చెబుతున్నాడు. తర్వాత బోర్డు దగ్గరికి వచ్చే తీగల కొసన పెడితే ఏమీ రాలేదు. అంటే కబురు దారిలో ఆగింది. వెనక్కి వెతుక్కుంటూ పోతే, రెండు తీగలు కలిసే కనెక్టర్‌లో ఒక పిన్ను నల్లగా మాడి ఉంది. పాడైంది అదీ! ముందు ఫోన్‌లో మాట్లాడిన మనిషి చెప్పినట్టు బోర్డు మార్చేసి ఉంటే డబ్బు పోయేది, కొత్త బోర్డు కూడా అలాగే అరిచేది. తప్పు ఎవరి నోట వినిపిస్తే వాళ్లదే అనుకోకండి, నాన్నా. వాళ్లకి కబురు ఎక్కణ్ణుంచి వస్తోందో ముందు చూడండి.

వేడికి ప్లాటినం ఎందుకలా మారుతుందని మీరు అడుగుతారు. లోహాలకి ఈ గుణం ఉందని తెలుసుకుని, 1871లోనే విలియం సీమెన్స్ అనే ఇంజనీరు ప్లాటినం తీగతో కొలిమి వేడి కొలవొచ్చన్నాడు. ఎందుకన్నది మీరు పెద్దయ్యాక చదువుకుందురుగాని. చూపు లేని ఒక పలక, చీకట్లో ఉన్న చిన్న తీగ మాట నమ్మి మీకు కేక్ చేసిపెడుతోంది. నాకు ప్రస్తుతానికి ఆ ఆశ్చర్యం చాలు.

ఓవెన్ పూర్తిగా చల్లారాక తలుపు తీసి, లోపల వెనక గోడ పైభాగంలో చూడండి. పెన్సిల్ కన్నా సన్నటి రాడ్ ఒకటి ముందుకు పొడుచుకుని ఉంటుంది. చూడండి చాలు, లాగకండి. ఈసారి కేక్ పెట్టినప్పుడు టీవీ ఆపేసి దగ్గర కూర్చుని వినండి. కేక్ అయ్యేలోపు అత్తయ్య ఎన్నిసార్లు టిక్‌మందో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య