ఆస్పత్రి వరండాలో రాజీ: పాదచారి పరిహార హక్కు వెనుక 170 ఏళ్ల కథ

కర్నూలు జిల్లాలో రోడ్డు దాటుతున్న మనిషిని బండి గుద్దితే ఆ తర్వాత ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే. ఆస్పత్రి వరండాలోనో, పోలీసు స్టేషన్ ఎదుట టీ కొట్టు దగ్గరో ఇరువైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. ‘మందుల ఖర్చు పెట్టుకుంటాడు, కేసు వద్దు’ అని తేల్చి, ఒక కాగితం రాయించి, వేలిముద్ర వేయిస్తారు. కాలు విరిగిన హమాలీ చేతికి 20 వేలో 30 వేలో వస్తాయి. బండి యజమాని తన జేబుకు చిల్లు పడిందని బాధపడతాడు. బాధితుడు దక్కిందే చాలనుకుంటాడు. ఆ బండికి థర్డ్ పార్టీ బీమా ఉంటుందని, అది ఉన్నదే ఇలా దెబ్బతిన్న బయటివాళ్ల కోసమని ఆ కూర్చున్నవాళ్లలో ఒక్కరూ ఎత్తరు.

దీన్ని జనం అజ్ఞానం కింద కొట్టిపారేయడం సరికాదు. దశాబ్దాల పాటు కోర్టుకు వెళ్లినవాడికి రాజీకి ఒప్పుకున్నవాడి కంటే ఎక్కువ దక్కింది లేదు. అలవాటు అక్కడే మొదలైంది.

ప్రాణాంతక ప్రమాదాల చట్టం 1855లో వచ్చింది. అప్పటికి మోటారు బండే పుట్టలేదు. ఇంగ్లండులో 1846లో చేసిన చట్టాన్ని చూసి ఇక్కడా పెట్టారు. ఎవరి తప్పు వల్లనైనా మనిషి చనిపోతే కుటుంబం దావా వేయవచ్చన్నది దాని సారం. గాయాలతో బతికినవాడికి మామూలు సివిల్ దావాయే దిక్కు. 1870లో శిక్షాస్మృతిలో 304ఎ సెక్షన్ చేరింది. 2024 జులైలో భారతీయ న్యాయ సంహిత వచ్చేదాకా ఆ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవాడికి గరిష్ఠంగా రెండేళ్ల జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. జరిమానా పడినా అది మామూలుగా ఖజానాకే వెళ్తుంది. క్రిమినల్ కేసు వేరు, పరిహారం వేరు అన్న గీత అప్పుడే పడింది, నేటికీ అదే గీత.

బండ్లకు బీమా తప్పనిసరి అన్న మాట 1939 మోటారు వాహనాల చట్టంలో ఉన్నా, ఆ అధ్యాయం అమల్లోకి వచ్చింది 1946 జులై 1న. అయినా డబ్బు రాబట్టడానికి సివిల్ కోర్టే దారి. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని. మంత్రుల కార్లు తిరిగిన ఆ రోడ్ల మీద కూలివాడిని ఏ కారో గుద్దితే, అతను అడిగే పరిహారాన్ని బట్టి ముందుగా కోర్టు ఫీజు కట్టాలి. కట్టలేకపోతే పేదవాడినని నిరూపించుకోవడానికే మరో విచారణ. అది దాటితే డ్రైవర్‌దే తప్పని సాక్ష్యాలతో రుజువు చేయాలి. అప్పటికీ హైకోర్టు గుంటూరులో. ఇవన్నీ తట్టుకోగలిగినవాడు అసలు రోడ్డు మీద నడిచి వెళ్లేవాడే కాదు.

1956 సవరణతో రాష్ట్రాలు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లు పెట్టుకునే వీలు కలిగింది. దారి సులువైంది కానీ రుజువు భారం బాధితుడి నెత్తి మీదే ఉండిపోయింది. డ్రైవర్ నిర్లక్ష్యం రుజువు కాకపోతే పరిహారం లేదని 1977లో మీనూ బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నడిచేవాడికి ఇది గొడ్డలిపెట్టు. గుద్ది వెళ్లిపోయిన లారీ నంబరు చూసిందెవరు? చూసినవాడు కోర్టుకు వస్తాడా? రెండేళ్లకు దర్శనాదేవి కేసు వచ్చింది. ప్రమాదంలో పెద్దదిక్కును పోగొట్టుకున్న కుటుంబాన్ని కోర్టు ఫీజు కట్టమని పట్టుబట్టిన హర్యానా ప్రభుత్వాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా మందలించారు. పేదలకిచ్చే ఫీజు మినహాయింపు ట్రిబ్యునళ్లలోనూ వర్తించాలన్నారు.

తప్పెవరిదైనా కొంత సొమ్ము ఇచ్చి తీరాలన్న నియమం 1982లో వచ్చింది. మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే మరణానికి 5,000, తీవ్ర గాయానికి 1,000. పారిపోయిన బండ్ల బాధితుల గురించి లా కమిషన్ తన 51వ నివేదికలో చెప్పింది 1972లో. కదలడానికి పదేళ్లు పట్టింది. ఈ అంకెలను టీ కొట్టు దగ్గర కుదిరే రాజీ సొమ్ము పక్కన పెట్టి చూస్తే పెద్దమనుషుల లెక్క అంత తప్పేమీ కాదనిపిస్తుంది.

ఇప్పుడున్న మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. దానికి 1994లో జరిగిన సవరణ రాయలసీమకు ప్రత్యేకంగా మేలు చేసింది. అంతకుముందు కేసు ప్రధానంగా ప్రమాదం జరిగిన చోటే వేయాలి. ఆ సవరణ తర్వాత బాధితుడు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. కోసిగి, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి ఏటా ఎందరో గుంటూరు మిరప కోతలకు, బెంగళూరు, హైదరాబాదు కట్టడాల పనులకు వలసపోతారు. బెంగళూరులో రోడ్డు దాటుతూ దెబ్బతిన్న మనిషి అక్కడి కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు. సొంత జిల్లాలోనే పిటిషన్ వేసుకోవచ్చు. ఆ ఒక్క వాక్యం ఎన్ని కుటుంబాలకు చేరిందన్నది వేరే సంగతి.

పరిహారం లెక్కకు ఒక పద్ధతి కుదిరింది 2009 సరళా వర్మ తీర్పుతో, 2017 ప్రణయ్ సేథీ తీర్పుతో. ఇక్కడ కాస్త ఆగాలి. ఆదోని పత్తి మార్కెట్ హమాలీ ఒకరికి 38 ఏళ్లనీ, నెలకు 12,000 వస్తాయనీ అనుకుందాం. 40 ఏళ్ల లోపు స్వయంగా సంపాదించుకునేవాడు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. నెలకు 16,800, ఏడాదికి 2,01,600. ఆ వయసుకు గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చించే అంకె, 15. అంటే 30,24,000. కాలు విరిగి డాక్టర్ 40 శాతం వైకల్యం అని రాస్తే, ఆ ప్రకారం 12,09,600 వస్తుంది. కానీ కథ అక్కడ ఆగదు. శరీరానికి ఎంత శాతం నష్టమన్నది కాదు, సంపాదనకు ఎంత నష్టమన్నదే చూడాలని రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. కుర్చీలో కూర్చునే గుమాస్తాకు ఆ 40 శాతం పెద్దగా అడ్డు కాకపోవచ్చు. బస్తా మోసేవాడికి ఆ కాలుతో పనే పోతుంది. అతనికి 80 శాతం నష్టమని ట్రిబ్యునల్ ఒప్పుకుంటే 24,19,200. ఆస్పత్రి ఖర్చు, నొప్పికి ఇచ్చేది, మనిషి తోడుకు ఇచ్చేది వీటికి అదనం. వరండాలో వేలిముద్ర పడిన కాగితం విలువ 30 వేలు.

ఇంటిపని చేసే ఆడవాళ్ల విషయంలో చట్టం చాలాకాలం పిసినారితనమే చూపింది. సంపాదన లేనివారికి ఏడాదికి 15,000 అని 1994లో చట్టానికి చేర్చిన పరిహార పట్టికలో వేసిన లెక్క 2018 దాకా అలాగే పడి ఉంది. ఇల్లాలి పనికీ ఆదాయం కట్టాల్సిందేనని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

బీమా కంపెనీల జవాబులో ఏ ఫైలు తీసినా కనిపించే వాక్యం ఒకటుంది: ‘పాదచారి అజాగ్రత్తగా, అకస్మాత్తుగా రోడ్డుకు అడ్డంగా వచ్చాడు.’ అది రుజువైతే బాధితుడి వాటా తప్పు కింద పరిహారంలో కోత పడుతుంది. నడవడానికి చోటు లేనప్పుడు అతను ఎక్కడ నడవాలన్నది ఆ ఫైలులో ఉండదు. కొండారెడ్డి బురుజు పరిసరాల్లో ఒకసారి నడిచి చూడండి, రోడ్డు మీదికి దిగకుండా ఎంత దూరం పోగలరో. ఇక పాత 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరసలైనాక ఊరు ఒక పక్క, పొలం ఇంకో పక్క పడిపోయినవాళ్లు రోజూ దాటక తప్పదు. నడిచేందుకు వీలైన కాలిబాట జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మే నెలలో చెప్పింది. ఆ మాట ఈ కోతల వాదనకు ఎప్పటికైనా జవాబు కావాలి.

డ్రైవర్‌కు లైసెన్సు లేదన్న సాకూ తరచూ వినిపిస్తుంది. 2004 స్వర్ణ్ సింగ్ తీర్పు తర్వాత అలాంటి కేసుల్లో ముందు బీమా కంపెనీ బాధితుడికి చెల్లించి, తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించగలుగుతున్నాయి. వైద్యం సంగతికి వస్తే, ప్రమాద బాధితుడిని ఏ ఆస్పత్రీ వెనక్కి పంపకూడదన్నది 1989 నుంచీ ఉన్న తీర్పు. 2025 మే నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స పథకమూ ఉంది.

2019 సవరణ ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకుంది. తప్పు రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చు. అయితే ఆ సొమ్ము తీసుకుంటే ట్రిబ్యునల్‌లో వేసిన పూర్తి పరిహారం పిటిషన్ రద్దవుతుంది. పైన చెప్పిన హమాలీకి ఇది నష్టం బేరం. పారిపోయిన బండి కేసుల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 చేశారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ పథకంలో తహసీల్దార్ స్థాయి అధికారి విచారిస్తారు, కలెక్టర్ మంజూరు చేస్తారు. లాయర్ అవసరమే లేదు. అయినా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన లెక్క ప్రకారం 2022-23లో దేశం మొత్తం మీద వచ్చిన దరఖాస్తులు 205. బాధితులకు ఈ పథకం గురించి పోలీసులే చెప్పాలని 2024 జనవరిలో కోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

ఇక 2019 సవరణ తీసుకున్నది గడువు విషయంలో. 1988లో పిటిషన్‌కు ఆరు నెలల గడువు ఉండేది. బాధితుల కష్టం చూసి 1994లో పార్లమెంటే దాన్ని ఎత్తేసింది. 2019 సవరణ మళ్లీ ఆరు నెలలే పెట్టింది, 2022 ఏప్రిల్ నుంచి అమలు. కాలులో రాడ్ వేసినవాడికి ఆరు నెలలకు ఎముక అతుక్కుందో లేదో తేలదు. వైకల్యం ఎంతో మెడికల్ బోర్డు చెప్పేది చికిత్స ముగిశాకే. పైగా మొదటి రెండు మూడు నెలలు రాజీ మాటల్లోనే గడిచిపోతాయి. యజమాని తొలి విడత ఇచ్చి, మిగతాది పంట అమ్మాక అంటాడు.

ఈ గడువును సవాలు చేస్తూ దాఖలైన పిటిషన్లపై సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆరు నెలలు దాటాయన్న కారణంతో ట్రిబ్యునళ్లు గానీ హైకోర్టులు గానీ పరిహార పిటిషన్లను కొట్టివేయరాదన్నది దాని సారాంశం. తుది తీర్పు వచ్చేదాకా వర్తించే రక్షణ ఇది. చట్టంలో ఇంకో దారి కూడా ఉంది. ప్రమాదంపై పోలీసులు ట్రిబ్యునల్‌కు మూడు నెలల్లో నివేదిక పంపాలి, ఆ నివేదికనే బాధితుడి దరఖాస్తుగా తీసుకోవాలి. అయితే కేసు నమోదైతేనే నివేదిక. వరండాలో వేలిముద్ర వేసినవాడికి ఆ మొదటి కాగితమే ఉండదు.