గీతకు రెండే ఆనవాళ్లు

సరళరేఖ గీయమనగానే చాలామంది ముందు పట్టిక వేస్తారు. ఎక్స్‌కు 0, 1, 2, 3 అని విలువలిచ్చి, వై లెక్కకట్టి, చుక్కలు పెట్టి కలుపుతారు. తప్పేం లేదు, శ్రమే దండగ. సమీకరణం వై = ఎంఎక్స్ + సి రూపంలో ఉంటే గీత ఎక్కడ మొదలెట్టాలో, ఎటు నడవాలో అదే చెబుతుంది. సి అంటే అంతరఖండం, గీత వై-అక్షాన్ని ఖండించే చోటు. ఎం అంటే వాలు, కుడికి ఒక గడి జరిగితే ఎన్ని గడులు ఎక్కుతామో దిగుతామో చెప్పే అంకె. (అమెరికా బడుల్లో సి బదులు బి రాస్తారు. కంగారుపడక్కర్లేదు.)

3ఎక్స్ + 2వై = 12 చూద్దాం. ముందు వైని ఒంటరిగా నిలబెట్టాలి. 3ఎక్స్‌ను అవతలికి పంపి 2తో భాగిస్తే వై = −(3/2)ఎక్స్ + 6. వై-అక్షం మీద 6 దగ్గర చుక్క పెట్టండి. అక్కణ్ణుంచి కుడికి 2, కిందికి 3 (ఒక గడికి ఒకటిన్నర దిగితే, రెండు గడులకు మూడు). (2, 3) దగ్గర తేలతాం. మళ్లీ అదే అడుగు వేస్తే (4, 0). ఇక స్కేలు పెట్టి గీసేయడమే. నిజానికి రెండు చుక్కలు చాలు, మూడోది కాపలాకు. మూడూ ఒకే వరుసలో పడలేదంటే ఎక్కడో గుర్తు తప్పింది.

ఎక్కువగా తప్పేది మైనస్ దగ్గరే. −3/2లో ఉన్నది ఒక్క మైనస్. కుడికి జరిగితే దిగాలి, ఎడమకు జరిగితే ఎక్కాలి. ఎడమకు జరిగి కిందికి కూడా దిగామా, మైనస్‌ను రెండుసార్లు వాడేసినట్టే. వాలిపోవాల్సిన గీత కాస్తా లేచి నిలబడుతుంది. కంటిని నమ్మినా చిక్కే. నిలువు అక్షం మీద ఒక్కో గడికి 1 బదులు 10 తీసుకుంటే అదే గీత దాదాపు పడుకున్నట్టు కనిపిస్తుంది. వాలు మాత్రం అంతే ఉంటుంది.

ఇలాంటి మొదటి ఘాతపు సమీకరణాలు (ఎక్స్, వైల వర్గాలు, ఘనాలు, లబ్ధాలు లేనివి) సరళరేఖలనే ఇస్తాయని ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా 1630లలోనే రాసిపెట్టాడు. ఆ రచన ఆయన పోయాక, 1679లో గానీ అచ్చుకాలేదు.

వాలు, అంతరఖండం ఉత్త అంకెలు కావని ఉష్ణోగ్రత లెక్కలో బాగా తెలుస్తుంది. ఫారెన్‌హీట్ = (9/5) సెల్సియస్ + 32. ఈ 32 నీరు గడ్డకట్టే చోటు, సెల్సియస్‌లో సున్నా. అక్కణ్ణుంచి కుడికి 5, పైకి 9 వేస్తే 41. అదే కాగితం మీద వై = ఎక్స్ గీత కూడా గీసి రెంటినీ ఎడమకు పొడిగించండి. −40 దగ్గర కలుసుకుంటాయి. రెండు కొలమానాలూ ఒకే అంకె చూపే చోటు అదొక్కటే.

ఈ రూపానికి లొంగనిది నిట్టనిలువు గీత. అక్కడ పక్కకు జరగడమే లేదు, వాలు కట్టాలంటే సున్నాతో భాగించాలి. దాన్ని ఎక్స్ = 4 అని రాసి ఊరుకోవడమే.