కారు మీది హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) యాంటెన్నా దక్షత: అపోహలు, వాస్తవాలు

అపోహ: ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి రేడియో సెట్టుకు ఎంత పవర్ తిరిగి వస్తోందో సూచించే నిష్పత్తి) 1:1 ఉంటే యాంటెన్నా చక్కగా పనిచేస్తున్నట్లే.

వాస్తవం: పంపిన పవర్ సెట్టుకు తిరిగి రావడం లేదని మాత్రమే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చెబుతుంది, అది తరంగాలుగా వెలువడిందో, వేడిగా మారిపోయిందో చెప్పలేదు. ఏమీ ప్రసారం చేయని డమ్మీ లోడ్‌కు కూడా 1:1 రీడింగే వస్తుంది.

హ్యామ్ (అభిరుచి రేడియో) మిత్రులు ఈ దక్షత లెక్కను ఒక్కసారైనా స్వయంగా చేసి చూడాలని నా కోరిక. 7.1 మెగాహెర్ట్జ్‌లో, అడుగున లోడింగ్ కాయిల్ (పొట్టి యాంటెన్నాను ఆ ఫ్రీక్వెన్సీకి సరిపెట్టే తీగచుట్ట) ఉన్న 2.4 మీటర్ల విప్‌ను, అంటే నిలువు కడ్డీ యాంటెన్నాను, తీసుకుందాం. విప్ పొడవును 42 మీటర్ల తరంగదైర్ఘ్యంతో భాగించి, వర్గం చేసి, 395తో గుణిస్తే రేడియేషన్ రెసిస్టెన్స్ (తరంగాలుగా వెలువడే పవర్‌ను లెక్కలో సూచించే నిరోధం) సుమారు 1.3 ఓమ్‌లు వస్తుంది. అంత పొట్టి విప్‌ను రెజొనెన్స్‌కు (అనునాదానికి) తేవడానికి దాదాపు 900 ఓమ్‌ల రియాక్టెన్స్ గల కాయిల్ కావాలి. దాని క్యూ (రియాక్టెన్స్‌ను నష్ట నిరోధంతో భాగిస్తే వచ్చే నాణ్యతా సంఖ్య) 200 అయితే కాయిల్ నష్టం 4.5 ఓమ్‌లు. కారు బాడీ, కింది నేల వల్ల కలిగే నష్టాన్ని 8 ఓమ్‌లుగా తీసుకుంటే మొత్తం 13.8 ఓమ్‌లు, అందులో రేడియేషన్ రెసిస్టెన్స్ వాటా, అంటే దక్షత, 9 శాతం. అంటే 100 వాట్లు పంపితే 9 వాట్లే వెలువడతాయి, దాదాపు 33 వాట్లు కాయిల్‌లోనే ఖర్చవుతాయి. కాసేపు క్యారియర్ పంపి, సెట్టు ఆపేశాక కాయిల్‌పై చెయ్యి పెడితే ఆ వేడి తెలుస్తుంది.

ఇదే విప్ ఎటువంటి మ్యాచింగ్ (యాంటెన్నా నిరోధాన్ని సెట్టు కోరే 50 ఓమ్‌లకు సరిపెట్టే ఏర్పాటు) లేకుండా 50 ఓమ్‌లు చూపిస్తే, 1.3 ఓమ్‌లు పోగా మిగతాదంతా నష్టమే కనుక దక్షత రెండున్నర శాతానికి పడిపోయిందని అర్థం. అందుకే మంచి కాయిల్ బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ పెరిగితే కంగారు పడనక్కర్లేదు. అది శుభసూచకం, మిగిలిన పని మ్యాచింగ్ చూసుకుంటుంది.

అపోహ: బ్యాండ్‌విడ్త్ (మళ్లీ ట్యూన్ చేయకుండా పనిచేసే ఫ్రీక్వెన్సీల మేర) ఎక్కువైతే యాంటెన్నా మేలైనది.

వాస్తవం: పొట్టి విప్ విషయంలో అది చాలావరకు నష్టాలకు గుర్తు.

అపోహ: కాయిల్‌ను మధ్యకు జరిపితే దక్షత రెట్టింపవుతుంది.

వాస్తవం: రేడియేషన్ రెసిస్టెన్స్ పెరిగే మాట నిజమే గాని, కాయిల్ పైన మిగిలే విప్ పొట్టిదవుతుంది కనుక ఇండక్టెన్స్ కూడా దాదాపు రెట్టింపు కావాలి, దాంతో కాయిల్ నష్టమూ పెరుగుతుంది.

అపోహ: మాగ్నెట్ మౌంట్ (అయస్కాంతంతో కారుకు అంటుకునే యాంటెన్నా పీఠం) అంటించగానే గ్రౌండ్ దొరికినట్లే.

వాస్తవం: అక్కడ ఉన్నది పెయింటు మీదుగా ఏర్పడే కెపాసిటివ్ కలయిక మాత్రమే. బోల్టు మౌంట్ బిగించి, బానెట్‌ను, డిక్కీ మూతను వెడల్పాటి రాగి అల్లిక పట్టీలతో బాడీకి కలిపి, మ్యాచింగ్ తీసేసి, విప్ అడుగునే ఎనలైజర్ పెట్టి రెజొనెన్స్ వద్ద రెసిస్టెన్స్ కొలవండి. పై ఉదాహరణలో అది 14 నుంచి 11 ఓమ్‌లకు దిగితే, దక్షత 9 నుంచి దాదాపు 12 శాతానికి పెరిగినట్లు.